తాకట్టులోని దుప్పటి

షోలాపురపు నేతవాడలో మూడు సాయంకాలపు సభలకు మూడు విషయములు వెదకిన కథ

మూడు సాయంకాలములకు మూడు విషయములు కావలెననియు, వానిని వ్రాసి యిచ్చినయెడల కరపత్రము అచ్చు వేయించెదమనియు చెప్పి, షోలాపురపు పూర్వభాగమున ఒక చిన్న తెలుగు క్రైస్తవసంఘమునకు పెద్దగా నున్న వృద్ధుడొకడు నా చేతిలో ఒక బిల్లుపుస్తకపు కాగితము నుంచి, దాని వెనుకవైపు తెల్లగా నున్నదని చూపి, ఎదుటి కారఖానాలో ఏదో మగ్గము ఆగిన చప్పుడు, అనగా చప్పుడు తగ్గిన చప్పుడు, చెవిని బడగానే మాట సగములో విడిచి వెళ్లిపోయెను. ఆ కాగితము రెండు దినములు నా జేబులో తెల్లగానే యుండెను. ఉపన్యసించుట నాకు ముప్పది యేండ్ల అలవాటు. విషయము నెన్నుకొనుట మాత్రము నాకు అలవాటు లేదని ఆ రెండు దినములలోనే తెలిసివచ్చినది.

ఏలయనగా ఇన్ని యేండ్లును నా విషయములు నా పెట్టెలో మడతపెట్టిన బట్టలవలె సిద్ధముగా నుండెడివి. ‘అంత్యదినముల సూచనలు’, ‘విజయవంతమైన విశ్వాసజీవితము’, ‘యౌవనస్థులు, నేటి సవాళ్లు’, ‘కుటుంబమును గూర్చిన దేవుని సంకల్పము’ అను నీ నాలుగింటితో కాకినాడలోను, కరీంనగరములోను, బొంబాయి తెలుగువారి నడుమను అక్షరము మార్చక మాటలాడితిని. సెమినారు అనుమాట వచ్చిన తరువాత ఈ పెట్టె మరింత నిగనిగలాడినది. పూర్వము ఉజ్జీవకూటము లనబడినవే గోడమీద వెలుగుబొమ్మలతోను, చేతికి దస్త్రములతోను సెమినారులైనవి. వినువారెవరో తెలియకమునుపే విషయమేమో తెలిసియుండుటయే మా వృత్తిలోని సౌకర్యము. ఆ సౌకర్యము షోలాపురమున ఒకమారు నాకు సిగ్గుగా మారినది. ఆ సంగతి చెప్పుటకు మునుపు ఆ వాడ యెట్టిదో చెప్పవలసియున్నది.

షోలాపురమునకు 1860లో రైలు వచ్చినది. 1877లో నేటివారు జూనీ మిల్లని పిలుచు మొదటి నూలుమిల్లు నడువనారంభించినది. ఆ కాలముననే 1876 మొదలు 1878 వరకు దక్కనును కాల్చిన క్షామము వచ్చినది. నైజాము సీమలోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుండి పద్మశాలీలు గుంపులుగుంపులుగా ఈ ఊరు చేరిరి; కొందరు మిల్లులలో కూలికి నిలిచిరి, కొందరు ఇంటిలోనే గుంటమగ్గము దింపిరి, వారి మనుమలు మరమగ్గములు వేసి, జకార్డు పూవులు తేలిన షోలాపురపు చద్దరును, తువాలును దేశదేశములకు పంపిరి. మిల్లులు ఒకటొకటిగా మూతబడినవి. చద్దరు నిలిచినది, భౌగోళిక గుర్తింపును పొందినది. సాఖర్ పేఠ, భద్రావతి పేఠ, కన్నా చౌకు, అశోక్ చౌకు, దత్తనగరము, నీలంనగరము అను పేరులలో తెలుగు కనబడకపోయినను, ఆ సందులలో నడచువాని చెవిని మగ్గపు చప్పుడు విరామములలో పడునది తెలుగే. అదియు మరాఠీ ఉప్పుకారము తగిలి, తెలంగాణపు యాస వదలని తెలుగు. పురుషుడు కారఖానాలో పాళీ, అనగా షిఫ్టు, చేయును, స్త్రీ గడపలో కూర్చుండి తునికాకు కత్తిరించి బీడీ చుట్టును, పిల్లవాడు మరాఠీ శాలకు పోవును. శ్రావణపూర్ణిమనాడు పద్మశాలీలు కొలుచు మార్కండేయుని రథము వెడలునప్పుడు ఊరిలో సగము వీథులు తెలుగువీథులగును.

ఇంతటి జనసముద్రములో తెలుగు క్రైస్తవకుటుంబములు ఒడ్డున తడిసిన గవ్వలవంటివి. ఈ ఊర క్రైస్తవసేవను పెద్దయెత్తున సాగించిన అమెరికన్ మరాఠీ మిషనువారి భాష, పేరులోనే యున్నట్లు, మరాఠీ. తెలుగు బైబిలు మాత్రము నైజాము సీమ నుండి మూటలో కట్టుకొని వచ్చినవారి వెంట వచ్చినది. నేను చెప్పు సంఘమువారు ఒక కారఖానా మేడమీది గదిలో కూడుకొందురు. పాట పాడునప్పుడు క్రింది మగ్గములే తాళము. కాపరి అయ్యగారు ఆ తాళమునకు గొంతు నొప్పజెప్పి ప్రార్థింప నేర్చిరి.

పదునైదేండ్ల క్రిందట ఇదే వాడలో వేరొక గదిలో దానియేలు గ్రంథములోని డెబ్బది వారములను గూర్చి చెప్పితిని. గుడ్డమీద గీయించిన పటము నొకదానిని గోడకు వ్రేలాడదీసి, డెబ్బది ఏడులు నాలుగువందల తొంబది యగునని గుణించి, పారసీక రాజుల నొకరి వెనుక నొకరిని నిలువబెట్టి, రెండు గంటలకు తక్కువ గాకుండ మాటలాడితిని. పగటిపాళీ ముగించి ముఖము కడుగుకొని వచ్చిన పురుషులు గోడల నానుకొని నిద్రపోయిరి. త్రోయలో పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగించుచుండగా ఐతుకను యౌవనస్థుడు కిటికీలో కూర్చుండి నిద్రతూగి మూడవ అంతస్తు నుండి పడినట్లు అపొస్తలుల కార్యములలో నున్నదిగదా. మా గదికి కిటికీ లేకపోవుటచేత ప్రాణహాని కలుగలేదు. సభ ముగిసినతరువాత, వ్రేళ్ల కొనలు పొగాకు రంగు తేలిన అవ్వ యొకతె నా దగ్గరకు వచ్చి, ఎవరును వినకుండ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని యిట్లడిగినది:

“సారూ, బాకీ తీర్చనోళ్లు బల్లల చెయ్యి పెట్టొచ్చునా?”

ప్రభువు బల్లలో పాలుపొందుటకు ఋణగ్రస్తునికి యోగ్యత గలదా యని ఆమె అడుగుచున్నది. కొడుకు కారఖానాలో ఎత్తిన అడ్వాన్సు తీరలేదు, భిశీలో, అనగా చీటిలో, కట్టవలసినది తప్పిపోయినది, బచత్ గట్టులోని, అనగా పొదుపుసంఘములోని, తోటి స్త్రీలముందు తల యెత్తలేకున్నది. అందుచేత మూడు నెలలుగా బల్లకు దూరముగా కూర్చుండుచున్నది. నేను ప్రార్థన చేయుమంటిని. అంతకంటె మంచి జవాబు ఆ క్షణమున నా పటములో ఎక్కడను లేదు. నాలుగువందల తొంబది సంవత్సరముల లెక్క ఎరిగినవాడను, ఆ తల్లి మూడు నెలల లెక్కకు బదులు చెప్పలేకపోతిని.

ఆ ప్రశ్నయే ఈ కాగితమును రెండు దినములు తెల్లగా నుంచినది.

విషయము వక్తదా, శ్రోతదా యను చర్చ మనము క్రొత్తగా మొదలుపెట్టినది కాదు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల యను దంపతులతో కలిసి డేరాలు కుట్టి పొట్టపోసికొన్న పౌలు, ఆ ఊరివారికి వ్రాసిన మొదటి పత్రికలో సగము దూరము నడచినతరువాత, మీరు వ్రాసినవాటి విషయమని మొదలిడును. అటుపిమ్మట వివాహమును గూర్చి, కన్యకలను గూర్చి, విగ్రహములకు అర్పించిన ఆహారమును గూర్చి, ఆత్మసంబంధమైన వరములను గూర్చి, చందాను గూర్చి ఒక్కొక్కటిగా ఎత్తుకొనును. అనగా ఆ పట్టికలో మొదటివి వినువారు పంపిన ప్రశ్నలే. వేదపండితులు నేటికిని వ్యాఖ్యానములు వ్రాయుచున్న ఆ అధ్యాయములు, విగ్రహార్పితమైన మాంసము కొనవచ్చునా కొనరాదా యని బజారులో సంచి పట్టుకొని నిలిచిన వారి సందేహములనుండి పుట్టినవి. ఎఫెసులో ఆయన తురన్ను అనువాని పాఠశాలలో రెండేండ్లు ప్రతిదినము తర్కించెననియు గ్రంథము చెప్పుచున్నది. కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో అయిదవ గంట మొదలు పదవ గంట వరకు అను మాట అధికముగా గలదు. మన లెక్కకు అది పగలు పదునొకండు మొదలు నాలుగువరకు, ఎండవేళ, ఊరెల్ల పని నిలిపి విశ్రమించు వేళ. పాఠకుడు దీనిని చిన్నసంగతి యనుకొనగూడదు. చేతిపనివారు ఎప్పుడు ఖాళీగా నుందురో చేతిపనివానికే తెలియును.

మన తెలుగునాట ఈ రహస్యము నెరిగినవారిలో దోర్నకల్ అజరయ్యగారిని ముందు చెప్పవలెను. 1912లో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పైన ఆయన, పల్లెల వెంట తిరుగునప్పుడు అప్పుడే అక్షరము నేర్చుచున్న జనులముందు సిద్ధాంతముల చిట్టాను విప్పలేదు. మిమ్ము పీడించు నాలుగు దయ్యములేవి యని అడిగెడివారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అని జనులు గొంతెత్తి బదులు చెప్పెడివారు. దయ్యములున్నవని నమ్మిన పల్లెకు దయ్యములు లేవని వాదించి పొద్దుపుచ్చక, వానికి కొత్తపేరులు పెట్టుటలోని చాతుర్యము నాకు ఎప్పుడును ముచ్చటగనే యుండును. పదములు నాలుగు, ప్రశ్న యొకటి. బండి కదలిపోయినతరువాతను పిల్లలు ఆడుకొనుచు వల్లించుకొనదగిన పాఠము.

విషయమునకు వేషముకూడ ముఖ్యము. 1895లో బాప్తిస్మము పొందిన మరాఠీ కవి నారాయణ వామన టిళక్, తన శ్రోతలు తుకారాముని అభంగములు వినిన చెవులు గలవారని ఎరిగి, కీర్తనమును క్రీస్తుకథకు తెచ్చెను. అంతకు ఎన్నో యేండ్ల మునుపే పురుషోత్తమ చౌదరిగారు తెలుగు క్రైస్తవులకు రాగతాళములతో కీర్తనలు కట్టి యిచ్చిరి. కారఖానా మేడమీద మగ్గపు తాళమునకు నిలిచి నేటికిని పాడబడునవి అటువంటి పాటలే, పరదేశపు బాణీకి అతికించిన అనువాదములు అక్కడ మొదటి చరణములోనే ఊపిరి విడుచును.

ఇక ఈ ఊరిలోనే మరియొక పాఠమును గలదు, అది చేదుపాఠము. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టము క్రింద, పుట్టుకతోడనే దొంగలని ముద్ర వేయబడిన కులములవారిని ముళ్లతీగెల నడుమ నుంచుటకు షోలాపురమున ఒక సెటిల్మెంటు నెలకొల్పబడినది. దాని నిర్వహణభారమును కొంతకాలము అమెరికన్ మరాఠీ మిషను వహించినది. మన స్టూవర్టుపురమున రక్షణసైన్యమువారును, కావలిలో అమెరికన్ బాప్టిస్టులును వహించిన భారమే యిది. వారిలో దయగలవారును, బడులు పెట్టినవారును, మిల్లులో పని యిప్పించినవారును గలరు, నేను కాదనను. అయినను హాజరు పిలిచి కూర్చుండబెట్టిన శ్రోత యెదుట నిలిచి మాటలాడు వక్తకు తన విషయము పండినదో యెండినదో ఎన్నటికిని తెలియదు. లేచిపోవుటకు స్వేచ్ఛ గలవాడు కూర్చుండియుండుటయే వక్తకు లభించు సాక్ష్యము. ఆ చట్టము 1952లో రద్దయినది. హాజరు పిలుచు మనస్తత్వము మాత్రము మన సభలలో అక్కడక్కడ ఇంకను మిగిలియున్నది; వచ్చినవారి పేరులు వ్రాసికొని, రానివారిని ఆదివారమునాడు లేవదీసి అడుగు సంఘములను నేనెరుగుదును.

కాబట్టి కాగితమును జేబులోనే యుంచుకొని రెండు దినములు సందులలో తిరిగితిని. అడుగుటకంటె కూర్చుండుటయే పని. కాండెలు చుట్టు స్త్రీల ప్రక్కను, టీకొట్టు బల్లమీదను, బీడీలు లెక్కించి యిచ్చు శాఖ గడపముందు వరుసలోను కూర్చుండగా, మతవిషయమేమియు నేనెత్తకుండగనే మూడు ముళ్లు వాటంతట అవియే చేతికి తగిలినవి.

మొదటిది అప్పు. ఆ అవ్వ నేడు లేదు. ఆమె ప్రశ్న మాత్రము ఇంటింట నున్నది. ఈసారి గ్రంథమును ఆ ప్రశ్నతో తెరచితిని, గ్రంథము నాకు మునుపెన్నడు కనబడనిచోట తెరచుకొన్నది. పొరుగువాని వస్త్రమును కుదువ పట్టినయెడల సూర్యుడు అస్తమించులోగా తిరిగి యిచ్చివేయవలెననియు, వానికి కప్పుకొనుటకు అదియొక్కటియే గనుక అది లేక వాడేమి కప్పుకొని పండుకొనుననియు నిర్గమకాండపు ధర్మశాస్త్రము అడుగుచున్నది. ద్వితీయోపదేశకాండమున ఇంకను సూక్ష్మముగా, తిరుగటిరాతిని తాకట్టు పట్టరాదు, అది బ్రదుకుదెరువు గనుక. అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకొనుటకు ఋణస్థుని యింటిలోనికి దూరరాదు, వెలుపల నిలువవలెను అని గలదు. ఆమోసు ప్రవక్త, తాకట్టు వస్త్రములను పరచుకొని బలిపీఠముల ప్రక్కనే పండుకొను భక్తులను పేరు పెట్టకుండ నిలదీసెను. 1960లో యూదా సముద్రతీరమున ఒక పాడుబడిన కోటలో పెంకుమీద సిరాతో వ్రాసిన అర్జీ యొకటి త్రవ్వకములలో దొరికినది. క్రీస్తుకు పూర్వము ఏడవ శతాబ్దినాటిది. కోతపని ముగించినను అజమాయిషీదారు తన వస్త్రమును లాగుకొనిపోయెననియు, తిరిగి యిప్పింపవలెననియు కూలివాడొకడు అధికారికి మొరపెట్టుకొనిన కాగితమది, అనగా పెంకు అది. ఊరెల్లకు దుప్పటి నేయు షోలాపురమునకు ఇంతకంటె తగిన ప్రసంగవస్తువు నెవ్వరు ఈయగలరు? నేసిన చద్దరు మార్వాడీ దుకాణమున మడతపెట్టబడి యుండును, నేసినవాని మగ్గముమీద అడ్వాన్సు ఉండును. అప్పుపడినవాడు బల్లకు దూరముగా కూర్చుండవలెనా, లేక అప్పిచ్చినవాడు గడప వెలుపల నిలువవలెనా యని గ్రంథమే యడుగుచుండగా ముప్పది యేండ్లుగా నేను దానిని దాటి పోవుచుంటిని.

నేతమాట వచ్చినది గనుక ఒక చిన్న పెడదారి. నేతగాని నాడెకంటె వేగముగా నా దినములు పోవుచున్నవని యోబు మొరపెట్టెను. నేయువాడు బట్టను చుట్టి పడుగునుండి కోసివేయునట్లు నా జీవము కోయబడుచున్నదని రోగశయ్యపై హిజ్కియా విలపించెను. గొల్యాతు ఈటెకఱ్ఱను నేతగాని దోనెతో పోల్చిరి. సిలువచెంత సైనికులు చీట్లు వేసికొన్న అంగీ కుట్టు లేక పైనుండి యావత్తు నేయబడినది. కోరాబట్టను పాతవస్త్రమునకు మాసిక వేయరాదను సామెతను నేను పట్టణపు శ్రోతలకు వివరించుటకు పావుగంట పట్టెడిది. ఇక్కడ ఒక కుఱ్ఱవాడు నా వాక్యము ముగియకమునుపే, కోరాబట్ట మొదటి ఉతుకులో గుంజుకొనును గనుక పాతదానిని చింపివేయునని చెప్పి నవ్వెను. వీరికి వ్యాఖ్యానము చేయనక్కరలేదు; వీరిచేత చేయించుకొనవలెను. ‘బైబిలులో నేత’ యని ఒక సాయంకాలము పెట్టుదమా యని మనసైనది; పెట్టలేదు. అది నాకు ముద్దువచ్చు విషయము, వారు మోయుచున్న విషయము కాదు. పదిగంటలు మగ్గము దగ్గర నిలిచి వచ్చినవానికి మరల మగ్గపు ముచ్చటయే వడ్డించుట సత్కారము కానేరదు.

రెండవ ముడి బీడీ. పొగాకు పాపమని బోధించుట మన సభలలో సులభముగా చప్పట్లు తెచ్చు విషయము. కాని ఈ గదిలో చాపమీద కూర్చుండు స్త్రీలలో ఎక్కువమంది ప్రొద్దున వేయి బీడీలకింత యను కూలికి ఆకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి వచ్చినవారే. వారి కూలితోనే పిల్లల ఫీజు కట్టబడును. కానుకపళ్లెములో పడు నాణెమునకును ఆ వాసనయే. 1966లో బీడీకార్మికుల చట్టము, 1976లో సంక్షేమనిధి చట్టము వచ్చినవి. కుంభారీ దగ్గర రే నగరమున కార్మికులకై కట్టిన పదునైదువేల యిండ్లను 2024 జనవరిలో ప్రధానమంత్రి అప్పగించిరి. రాజ్యము వీరి పనిని పనిగా నొప్పుకొన్నది. సంఘము ఒప్పుకొన్నదా? లండనులో వేలాదిమందికి బోధించిన స్పర్జనుగారు తాను చుట్ట త్రాగుట దేవుని మహిమకేయని 1874లో బహిరంగముగా సమర్థించుకొనిరి. త్రాగిన ఆ మహానుభావుని ప్రసంగములు మన కాపరుల అల్మారాలలో తోలుఅట్టలతో నున్నవి, చుట్టి బ్రదుకు నిరుపేదరాలు మాత్రము సాక్ష్యము చెప్పుటకు లేచునప్పుడు చేతులు కొంగులో దాచుకొనవలెను! పొగాకు ఊపిరితిత్తులను తినుననుట నిజము; చుట్టువారి రొమ్ములోనికిని ఆ ధూళి పోవుననుటయు నిజము. ఈ రెండు నిజములను, మూడవ నిజమైన ఆకలిని ఒకచోట కూర్చుండబెట్టి మాటలాడగల వక్త కావలెను. నేను తగుదునో తగనో చెప్పలేను. ఆ సాయంకాలము నేను ముందుగా మాటలాడక, ఆ స్త్రీలలోనే యొకరిచేత మొదలుపెట్టించవలెనని మాత్రము నిశ్చయించుకొంటిని.

మూడవది ప్రసాదము. శ్రావణపూర్ణిమనాడు ప్రక్కయింటివారు, పదిమాసములుగా ఒకే కుళాయి దగ్గర బిందె పట్టినవారు, రథము వెడలినతరువాత పళ్లెముతో గడప యెక్కుదురు. పుచ్చుకొనవలెనా, త్రిప్పి పంపవలెనా, పుచ్చుకొని పిల్లలకు పెట్టక దాచవలెనా? కొరింథువారు వ్రాసి అడిగినదానికి ఇది దాయాది ప్రశ్న. పౌలు బదులు మన కరపత్రములంత కురుచగా లేదు; మూడధ్యాయములు తిరిగి, తినుటలో లేదు పాపము, నీ తిండిచేత తోటివాని మనస్సాక్షి విరుగుటలో నున్నదని ఒకచోట, దయ్యముల బల్లలో చేరరాదని మరియొకచోట, ఎవడైన భోజనమునకు పిలిచినయెడల ఆరాలు తీయక తినుమని వేరొకచోట అనును. ఈ మూడును ఒకే చేతివ్రాతలో నుండగా, అందులో తన కిష్టమైన యొకదానిని మాత్రము చింపుకొని వచ్చి వేదిక యెక్కు వక్తలు నా యెరుకలో చాలమంది గలరు. ఇంతకు మేడమీది గది తలుపులు ఎండకాలమున తెరచియే యుండును, శబ్దయంత్రము మూడు సందుల దూరము వినబడును. శ్రోతలలో పిలువబడనివారే ఎక్కువ. మార్కండేయుని కొలుచు పొరుగువాని చెవిని బడరానిమాట క్రైస్తవుని చెవిలోను వేయరాదను నియమము నొకదానిని నాకై నేను పెట్టుకొంటిని; ఈ నియమము వలన నా పెట్టెలోని దస్త్రములు సగము తగ్గినవి.

మిగిలిన సగము ‘ఆశీర్వాదము’ అను మాట తీసికొనిపోయినది. ఆశీర్వాదసభయని పేరు పెట్టినచో గది చాలదు; ఏలయనగా లేమిడి గలచోట ఆ మాటకు గిరాకి యెక్కువ. ఈ ఊరికి నేతగాండ్రను తరిమిన ఆ క్షామములోనే, ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పట్టి ఆకలిగొన్నవారికి పనియిచ్చెను. కాని కూడు కొరకు వచ్చినవాడెవడో, వాక్యము కొరకు వచ్చినవాడెవడో తేలువరకు బాప్తిస్మము లీయ నిరాకరించి, క్షామము తీరినపిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మందికి ఇప్పించెను. సంఖ్యను అందరును చెప్పుదురు. దానికి ముందటి నిరాకరణమును చెప్పువారు అరుదు.

భాష సంగతి తేలలేదు. తెలుగు బైబిలు ఇంచుమించు నేను వ్రాయుచున్న యీ గ్రాంథికములోనే యున్నది. పెద్దలు దానిని కంఠస్థము చేసిరి, మరాఠీ శాలలో చదువు మనుమలు దానిని చదువలేరు, ఇంటిలో మాటలాడు తెలుగు ఏ పుస్తకములోను లేదు. కరపత్రముమీద విషయము నా భాషలో వ్రాసినయెడల వృద్ధులు తలయూపుదురు, కుఱ్ఱలు టీ త్రాగుటకు పోవుదురు. అందుచేత బిల్లుకాగితము వెనుక, నా చేయి మొరాయించుచున్నను, వారి మాటలలోనే మూడు పంక్తులు వ్రాసితిని. ఒకటి: దుప్పటి కుదువబెట్టినోడు ఏం కప్పుకుంటడు? రెండు: బీడీ చేసిన చెయ్యి. మూడు: పొరుగింటి పళ్లెం.

సంఘపు పెద్ద మూడవనాటి రాత్రి, పాళీ మారు వేళ, భుజముమీది తువాలుతో చెవులలోని దూది తీసికొనుచు వచ్చెను. కాగితమును దీపమునకు ఎత్తి పట్టి, మొదటి పంక్తిని రెండుమారులు చదివెను. కొంతసేపు మాటలాడలేదు.

“గా సేటు గూడ వస్తడు గద సారూ,” అనెను.

ఏ సేటని నేనడిగితిని. సంఘములో అంతో యింతో కలిగినవాడు ఆయనయొక్కడే ననియు, క్రింది కారఖానా ఆయనదేననియు, ఈ గదికి అద్దె పుచ్చుకొనడనియు, కరపత్రపు అచ్చుఖర్చు సైతము ఆయనయే భరించుచున్నాడనియు, చాపమీద కూర్చుండువారిలో పదిమందికి తక్కువ గాకుండ ఆయనకు బాకీపడి యున్నారనియు పెద్ద మెల్లగా చెప్పెను. చెడ్డవాడు కాడనియు చేర్చెను. నేను పంక్తిని కొట్టివేయుటకు కలము తీసితిని. కొట్టివేయుదునో లేదో నాకే తెలియదు. అతడు నా చేయి పట్టుకొనెను.

“తీసెయ్యకుర్రి. మొదటినాడు పెడితే మల్ల రెండునాళ్లు రాడు. ఆఖరునాటికి పెట్టుర్రి.”

పిమ్మట నా కలమునే తీసికొని, ఒకటిని మూడుగా దిద్ది, మూడును ఒకటిగా దిద్ది, సభ ఏడింటికని నేను వ్రాసినచోట ఎనిమిదింబావని మార్చి, కాగితమును నాలుగు మడతలుగా మడచి, తువాలు కొంగున ముడివేసికొని మెట్లు దిగెను.